ముందు కారుకు అంత దగ్గరగా ఎందుకు నడుపుతారు?

వానచినుకు
నిన్న రాత్రి నుంచి మనసు కుదుటపడలేదు, అందుకే అడుగుతున్నాను. వీధిదీపాలు లేని రహదారి, పోవడానికి ఒక వరుస, రావడానికి ఒక వరుస. వెనుక సీట్లో అమ్మ నిద్రపోతోంది. వేగ పరిమితి 80, నేను 75 దగ్గర ఉన్నాను. ఎక్కడి నుంచో ఒక పెద్ద కారు వచ్చి నా వెనుక అంటుకుంది. ఎంత దగ్గరగా అంటే, అద్దంలో దాని హెడ్‌లైట్లు కనిపించలేదు, వాటి వెలుగు మాత్రం నా కారంతా నిండిపోయింది. దాదాపు పావుగంట అలాగే వచ్చింది. భయపడి 90కి పెంచాను. అదీ పెంచింది. మళ్ళీ 75కి తగ్గాను. అదీ తగ్గింది. ఎదురుగా ఏ వాహనమూ లేని తిన్నని దారి రెండుసార్లు వచ్చినా నన్ను దాటలేదు. చివరికి ఒక కూడలి దగ్గర వేరే దారి పట్టింది.

నన్ను వదలని ప్రశ్న ఇది. ఆ డ్రైవర్ ఒక్కసారి కూడా హారన్ కొట్టలేదు, లైట్లు ఆర్పి వెలిగించలేదు. తొందరైతే సైగ చేస్తారు కదా. కోపమైతే హారన్ కొడతారు కదా. మరి ఎందుకు? తిట్టించుకోవడానికి అడగడం లేదు. ఇక్కడ అలా నడిపే అలవాటున్నవారు ఎవరైనా ఉంటే ఆ సమయంలో మీ మనసులో ఏముంటుందో చెప్పండి. నేను నిందించను.

గేరుబండి
అహంకారం, అంతే. పెద్ద కారు కొన్నవారికి రోడ్డు తమదేననిపిస్తుంది. ఇంతకంటే వెతకవలసింది ఏమీ లేదు.

దూరప్రయాణం
వానచినుకు గారూ, నిందించనన్నారు కాబట్టి చెప్తున్నాను. దాదాపు పదకొండేళ్ళు నేను అలాగే నడిపాను. ఉద్యోగరీత్యా రోజూ రెండు మూడు వందల కిలోమీటర్లు తిరిగేవాణ్ణి.

గేరుబండి గారు అన్న అహంకారం నాలో ఉండేదా అని చాలాసార్లు వెతుక్కున్నాను. కొన్ని రోజుల్లో ఉండేది. ఆలస్యమైన రోజున, అధికారితో మాట పడిన రోజున, ముందున్న బండి నాకు అడ్డం పడుతున్నట్టే ఉండేది. అందులో ఎవరున్నారో, ఎందుకు నిదానంగా వెళ్తున్నారో తట్టేది కాదు. ఒక కారు వెనుక భాగం మాత్రమే కనిపించేది, దానికి ముఖం లేదు. అదే మనిషి బ్యాంకు వరుసలో నా ముందు నిలబడితే అతని మెడ మీద ఊపిరి తగిలేంత దగ్గరగా నిలబడతానా? నిలబడను.

కానీ అది నూటికి పది రోజుల సంగతి. మిగతా తొంభై రోజులూ ఏ కోపమూ లేకుండానే దగ్గరగా నడిపేవాణ్ణి. పాట వింటూనో, సాయంత్రం ఎవరికి ఫోను చేయాలో ఆలోచిస్తూనో. ముందు వారు భయపడుతున్నారన్న ఊహే నాకు లేదు. నా భార్య పక్క సీట్లో కూర్చుని, లేని బ్రేకును కాలితో నొక్కుతూ ఉండేది. దాన్ని ఆవిడ పిరికితనం అనుకున్నాను. ఇన్నేళ్ళలో ఏమీ జరగలేదు కదా, నా చేతి నైపుణ్యం అంతటిది అని నమ్మకం.

మానేసింది ఒక మధ్యాహ్నం. ముందు కారు ఉన్నట్టుండి పక్కకు తప్పుకుంది. దాని అవతల రోడ్డు మీద లారీ నుంచి ఊడిపడిన టైరు ముక్క ఉంది, మనిషి నడుమంత ఉంటుంది. ముందువారికి అది చాలా దూరం నుంచే కనిపించి ఉండాలి, నింపాదిగానే తప్పుకున్నారు. నాకు కనిపించినప్పటికి అది నా చక్రాల కిందకు వచ్చేసింది. కారు గాలిలోకి లేచి పడింది. ఎవరికీ ఏమీ కాలేదు. పక్కకు ఆపుకుని చాలాసేపు కూర్చున్నాను. నేను అన్నేళ్ళూ రోడ్డును చూసి నడపలేదు, ముందు కారు డిక్కీని చూసి నడిపాను. ఆ సంగతి అప్పుడు తెలిసింది.

కంటిపాప
దూరప్రయాణం గారు "ఊహే లేదు" అన్నది నాకు చాలా ముఖ్యంగా తోచింది. నేను చూపుకు సంబంధించిన చదువు చదివాను, దానికి కారణం కొంత చెప్పగలను.

ఒక వస్తువు మన మీదికి వస్తోందని కన్ను ఎలా కనిపెడుతుంది? కంటిలో దాని బొమ్మ పెద్దదవుతుంది. 1976లో డేవిడ్ లీ అనే పరిశోధకుడు బ్రేకు వేసే తీరు మీద రాసిన వ్యాసంలో ఈ సంగతే వివరించాడు. దూరమెంత, వేగమెంత అని విడివిడిగా లెక్కించనక్కరలేదు, బొమ్మ ఎంత త్వరగా పెరుగుతోందన్న దాన్నిబట్టే ఢీకొనడానికి ఎంత సమయముందో కన్ను పట్టుకోగలదు.

ఇప్పుడు రెండు కార్లు 80 వేగంతో, ఐదు మీటర్ల ఎడంతో పోతున్నాయనుకోండి. వెనుక డ్రైవర్ కంటిలో ముందు కారు బొమ్మ పెరగడం లేదు, తగ్గడం లేదు. గోడ మీద పటంలా స్థిరంగా ఉంది. కన్ను ఏమని హెచ్చరిస్తుంది? ఏమీ చెప్పదు. ప్రమాదం మొత్తం ఆ స్థిరత్వం లోపలే ఉంది, కానీ అది చూపుకు అందదు, ఆలోచిస్తేనే అందుతుంది. ముందున్న మనిషి పరిస్థితి వేరు. వారికి వెనుక ఏముందో అదుపు చేసే దారి లేదు, అద్దంలో చూడటం తప్ప. ఒకే ఐదు మీటర్లు ఒకరికి ఏమీ కాదు, ఇంకొకరికి ఊపిరాడనివ్వదు.

ఇంకొకటి. చాలాసేపు వేగంగా నడిపాక ఆ వేగం మామూలుగా తోస్తుంది. రహదారి దిగి ఊళ్ళోకి రాగానే 50 కూడా నత్తనడకలా అనిపించడం అందరికీ అనుభవమే. వేగం తక్కువగా తోచినప్పుడు ఎడం చాలినంత ఉందనే అనిపిస్తుంది.

నిలువుగీత
ఇంత శాస్త్రం అక్కరలేదండి. ఎవరూ చెప్పని మాట నేను చెప్తాను. వేగంగా వెళ్ళేవారి కోసం ఉన్న వరుసలో 60కి వెళ్తూ, పక్క వరుస ఖాళీగా ఉన్నా తప్పుకోనివారే దీనికి మూలం. నేను దగ్గరగా వెళ్తాను, ఒప్పుకుంటున్నాను. వెళ్ళకపోతే వారు తప్పుకోరు. పైగా ఎడం వదిలితే నలుగురు వచ్చి దూరతారు. మంచితనానికి రోడ్డు మీద చోటు లేదు.

పాఠంబండి
నిలువుగీత గారూ, దాటే వరుసను పట్టుకుని కూర్చోవడం తప్పే. చాలా దేశాల నియమాలు కూడా దాటాక పక్కకు రమ్మనే చెప్తాయి. అక్కడ మీతో పూర్తిగా ఏకీభవిస్తాను. కానీ దగ్గరగా వెళ్తే తప్పుకుంటారన్నది మీరు అనుకున్నంత నిజం కాదు. నేను డ్రైవింగ్ నేర్పుతాను. వెనుక బండి అంటుకుంటే కొత్తవారిలో ఎక్కువమంది చేసేది ఒకటే, స్టీరింగు గట్టిగా పట్టుకుని బిగుసుకుపోతారు, అద్దం చూడటం మానేస్తారు. అద్దం చూడనివారు వరుస మారలేరు. మీరు నెడుతున్న తలుపు లోపలి నుంచి గడియ పడుతోంది.

ఇక లెక్క చెప్తాను, ఎందుకంటే ఈ లెక్క వేయించిన తరువాత మారినవారిని చూశాను. గంటకు 80 కిలోమీటర్లంటే సెకనుకు 22 మీటర్లు. ఐదు మీటర్ల ఎడం అంటే సెకనులో పావు భాగం కూడా లేదు. రెప్పపాటు అంటాం కదా, అచ్చంగా అంతే. ముందువారు గట్టిగా బ్రేకు వేశారనుకుందాం. మీ బ్రేకులూ వారి బ్రేకులూ సమానమే, ఎర్ర దీపం చూసి కాలు బ్రేకు మీద పడటానికి మీకు ఒక సెకను పట్టింది. పొడి రోడ్డు మీద ఆ ఒక్క సెకనులో వారి వేగం 25 కిలోమీటర్లు తగ్గిపోతుంది. మీది తగ్గదు. ఎడం మూడున్నర మీటర్లు కరిగిపోతుంది. మీరు బ్రేకు తొక్కాక కూడా ఆ 25 తేడా అలాగే ఉంటుంది, మిగిలిన మీటరున్నర ఐదో వంతు సెకనులో అయిపోతుంది. ఎంత నేర్పరి అయినా ఇందులో చేయగలిగింది లేదు. ఇక్కడ పని చేసేది నైపుణ్యం కాదు, ఎడమే.

నేను నేర్పేది రెండు సెకన్ల పద్ధతి. ముందు కారు ఒక స్తంభాన్ని దాటగానే "వెయ్యిన్నొకటి, వెయ్యిన్నిరెండు" అని లెక్కపెట్టండి. అది పూర్తి కాకముందే మీరు ఆ స్తంభం దగ్గర ఉంటే దగ్గరగా ఉన్నట్టు. వానలో దాన్ని రెట్టింపు చేయండి. జర్మనీలో స్పీడోమీటరు అంకెలో సగం అని చెప్తారు, అంటే 100కి వెళ్తుంటే 50 మీటర్లు. రెండూ దాదాపు ఒకటే లెక్కకు వస్తాయి.

నిలువుగీత
లెక్క కాదనను. కానీ నేను ఎప్పుడూ ముందు కారు ఒక్కదాన్నే చూడను. దాని అద్దాల గుండా దాని ముందున్నదాన్ని, దాని ముందున్నదాన్ని చూస్తాను. 20 ఏళ్ళుగా నడుపుతున్నాను, ఒక్క గీత పడలేదు.

పాఠంబండి
1981లో ఓలా స్వెన్సన్ అనే పరిశోధకుడు డ్రైవర్లను మీ నైపుణ్యం తోటివారితో పోలిస్తే ఎక్కడుందని అడిగాడు. అమెరికా బృందంలో 93 శాతం, స్వీడన్ బృందంలో 69 శాతం తాము పై సగంలో ఉన్నామన్నారు. పై సగంలో సగం మందే పడతారు. మిమ్మల్ని నొప్పించడానికి చెప్పడం లేదు. నేనూ ఆ ప్రశ్నకు అలాగే జవాబిస్తానేమో. గీత పడకపోవడంలో మీ నేర్పు ఎంతో, ముందున్నవారు ఆ రోజు గట్టిగా బ్రేకు వేయవలసిన అవసరం రాకపోవడం ఎంతో, మీ వైపు నుంచి చూసి విడదీయలేరు.

పదహారుచక్రాలు
లారీ నడుపుతాను. రెండు మాటలు.

ఒకటి, నా వెనుక అంటుకుని వచ్చే చిన్న కార్లవారికి. మీరు నాకు కనిపించరు. నా అద్దాలు పక్కలను చూపిస్తాయి, నేరుగా వెనుక ఉన్నదాన్ని చూపించవు. నా అద్దం మీకు కనిపించకపోతే మీరు నాకు లేనట్టే. నేను బ్రేకు వేస్తే మీ కారు ముందుభాగం నా బండి కిందకు దూరుతుంది, దెబ్బ బంపర్‌కు కాదు, మీ ముఖం ఉన్న ఎత్తులో తగులుతుంది.

రెండు, మేమూ దగ్గరగా వెళ్తాం, అదీ దాచను. సరుకుతో నిండిన బండి ఒకసారి వేగం కోల్పోతే మళ్ళీ అందుకోవడానికి ఎంతసేపో పడుతుంది. ఎత్తు మొదలయ్యే చోట ముందు కారు తగ్గితే, గేర్లన్నీ దిగి మళ్ళీ ఎక్కాలి. అందుకని బ్రేకు తొక్కబుద్ధి కాదు, తప్పుకుంటారేమోనని చూస్తూ దగ్గరైపోతాం. పైగా మేము ఎత్తున కూర్చుంటాం. మీ కారు మీదుగా ముందంతా కనిపిస్తుంది కాబట్టి భయం తెలియదు. మీకు మాత్రం అద్దం నిండా ఇనుము. మా బ్రేకులు గాలితో పనిచేస్తాయి, తొక్కిన తరువాత పట్టుకోవడానికి కొంచెం ఆలస్యమవుతుంది. తెలిసీ చేస్తాం. గంటల లెక్కన సరుకు దించమని తొందరపెట్టేవారు వెనుక ఉంటారు, అది వేరే చర్చ.

రెండుచక్రాలు
మోటారు సైకిల్ మీద వెళ్ళేవారి వెనుక దయచేసి ఇంకా ఎడం ఉంచండి. మాలో చాలామంది వేగం తగ్గించడానికి ముందు గేరు దించుతారు, అప్పుడు బ్రేకు దీపం వెలగదు. మేము ఆగుతున్న సంగతి మీకు ఆలస్యంగా తెలుస్తుంది. మాకు బంపర్ లేదు. మా వెన్నే బంపర్.

అలలదారి
"ఎడం వదిలితే నలుగురు దూరతారు" అన్న మాట గురించి. ఒక కారు దూరితే, మీరు మళ్ళీ ఎడం ఏర్పరచుకోవడానికి రెండు సెకన్లు పోతాయి. పదిమంది దూరినా 20 సెకన్లు. ఆ పదిమందినీ ఆపడానికి మీరు దారి పొడవునా భుజాలు బిగించుకుని కూర్చుంటున్నారు. అంటుకుని వెళ్ళినా ముందు కారు కంటే ముందు చేరరు కదా.

ఇంకా చెప్పాలంటే దగ్గరగా నడిపేవారే మనందరినీ ఆలస్యం చేస్తారు. 2008లో జపాను పరిశోధకులు ఒక ప్రయోగాన్ని ప్రచురించారు. 230 మీటర్ల గుండ్రని దారిలో 22 కార్లను ఒకే వేగంతో, సాఫీగా నడపమన్నారు. అడ్డం లేదు, సిగ్నల్ లేదు, ప్రమాదం లేదు. కొద్దిసేపటికే ఎవరో ఒకరు కాస్త తగ్గారు, వెనుకవారు ఇంకాస్త ఎక్కువ తగ్గారు, చివరికి కొన్ని కార్లు పూర్తిగా ఆగిపోయాయి. ఆ ఆగుడు కార్లకు ఎదురు దిశలో అలలా వెనక్కి పాకుతూ పోయింది. ఎడం ఉంటే ముందువారి చిన్న తగ్గుదలను మీరు యాక్సిలరేటర్ మీద కాలు తీసి మింగేయవచ్చు. ఎడం లేకపోతే బ్రేకు తప్పదు, మీ బ్రేకు వెనుకవారికి ఇంకా పెద్ద బ్రేకు. కారణం కనిపించని రద్దీల్లో చాలా వాటికి మూలం ఇదే.

మెడపట్టీ
ఫిజియోథెరపీ చేస్తాను. వెనుక నుంచి తగిలిన చిన్న దెబ్బలతో వచ్చేవారిని వారం వారం చూస్తాను. కారుకు సొట్ట కూడా ఉండదు, మనిషి మాత్రం నెలల తరబడి తల తిప్పలేరు. వెనుక దెబ్బ తగిలినప్పుడు సీటు ఒంటిని ముందుకు తోస్తుంది, తల ఒక్క క్షణం ఉన్నచోటే ఉండిపోతుంది, మెడ ఆ తేడాను మోస్తుంది. పాఠంబండి గారు చెప్పిన 25 కిలోమీటర్ల తేడా అందుకు చాలు, అందులో సగమూ చాలు. సీటుపై తల ఆనించే దిండును మీ తల పైభాగం ఎత్తుకు లేపి పెట్టుకోండి. చాలామంది కార్లలో అది మెడ దగ్గరే ఉండిపోతుంది.

వానచినుకు
ఇన్ని సమాధానాలు ఇచ్చినందుకు అందరికీ కృతజ్ఞతలు. అమ్మ సీటు దిండు ఇప్పుడే వెళ్ళి సరిచేసి వచ్చాను.

కానీ నా ప్రశ్న ఇంకా తీరలేదు. తొందరైతే తిన్నని దారిలో దాటేవారు. కోపమైతే తెలియజేసేవారు. నేను 90కి వెళ్తే 90, 75కి దిగితే 75. వేధించాలని తప్ప ఇంకెందుకు చేస్తారు?

కంటిపాప
వానచినుకు గారూ, మీరు మొదట రాసినదాన్ని మళ్ళీ చదివాను. వీధిదీపాలు లేవన్నారు. అక్కడే జవాబు ఉండవచ్చు.

చీకటి దారిలో ఒంటరిగా నడిపేవారికి తమ హెడ్‌లైట్లు చూపించినంత మేరే లోకం. మలుపు ఎటు తిరుగుతుందో, గుంత ఎక్కడుందో చివరి క్షణందాకా తెలియదు. అప్పుడు ముందు రెండు ఎర్ర దీపాలు దొరికితే పెద్ద ఆసరా. అవి ఎటు వంగితే అటు మలుపు. అవి ఎగిరితే గుంత. మంచులో ఇది ఇంకా ఎక్కువ, ఆ దీపాలు కనుమరుగైతే దారి పోతుందన్న భయంతో మరీ దగ్గరవుతారు. మీ వెనుకవారు మిమ్మల్ని తరమలేదేమో, మిమ్మల్ని పట్టుకుని వచ్చారేమో. మీరు పెంచితే ఆసరా పోతుందని పెంచారు. దాటితే తామే చీకట్లో ముందుండాలి కాబట్టి దాటలేదు.

ఆ రాత్రి అదే జరిగిందని నేను చెప్పలేను. మీరు వర్ణించినదానికి మాత్రం ఇది సరిపోతుంది.

గేరుబండి
అయితే మాత్రం? వారికి ఆసరా కావాలని ఒక పెద్దావిడ ఉన్న కారును పావుగంట భయపెట్టే హక్కు ఎవరిచ్చారు? నేను అహంకారమన్నది కొంత తొందరపాటేమో, ఒప్పుకుంటాను. కానీ తెలియక చేస్తే తగిలే దెబ్బ తక్కువ కాదు.

కంటిపాప
హక్కు లేదు. అందులో మీతో వాదన లేదు.

దూరప్రయాణం
కంటిపాప గారి మాట చదివి కాసేపు ఆగిపోయాను. రాత్రుళ్ళు నేను సరిగ్గా అదే చేసేవాణ్ణి. ఎవరైనా దారి తెలిసినట్టు నడిపేవారు దొరికితే "హమ్మయ్య" అనుకుని వెనుక చేరేవాణ్ణి. ముందున్నవారి పట్ల ఒకరకమైన కృతజ్ఞత కూడా ఉండేది. వారు నన్ను చూసి వణుకుతూ ఉండి ఉంటారని ఇన్నేళ్ళ తరువాత ఈ రోజు అనిపించింది.

పాఠంబండి
మళ్ళీ జరిగితే ఏమి చేయాలో చెప్తాను. బెదిరించడానికి బ్రేకు మాత్రం తొక్కవద్దు, ఐదు మీటర్లలో అది మీ మీదికే వస్తుంది. వేగం పెంచవద్దు, వారూ పెంచుతారు, అప్పుడు ఇద్దరూ ఎక్కువ వేగంలో అంతే దగ్గరగా ఉంటారు. మీ ముందు బండి ఉంటే దానితో ఎడం పెంచుకోండి, అప్పుడు మీరు గట్టిగా బ్రేకు వేయవలసిన అవసరమే రాదు. వెనుకవారు వదిలేసిన ఎడాన్ని మీరు ముందు కూడబెడుతున్నారన్నమాట. రోడ్డు వెడల్పైన చోట చాలా ముందుగా ఇండికేటర్ వేసి, మెల్లగా తగ్గించి పక్కకు తీయండి. మీరు ఓడిపోయినట్టు కాదు, అమ్మను నిద్రపోనిచ్చినట్టు.

నిలువుగీత
నిన్న సాయంత్రం లెక్కపెట్టాను, స్తంభం చూసి. "వెయ్యిన్నొ" దగ్గరే ఉన్నాను. ఇంకేమీ చెప్పను.

వానచినుకు
వారం తరువాత రాస్తున్నాను. మొన్న రాత్రి అదే దారి, అమ్మ వెనుక సీట్లో. మళ్ళీ ఒక కారు వెనుక చేరింది, ఇది చిన్నదే. చేతులు చల్లబడ్డాయి గానీ వేగం పెంచలేదు. వంతెన దాటాక వెడల్పు చోటు ఉందని తెలుసు. ముందుగానే ఇండికేటర్ వేసి, మెల్లగా తగ్గించి పక్కకు తీశాను. అది కొంచెం తటపటాయించి ముందుకు వెళ్ళింది. అమ్మ లేచి "వచ్చేశామా?" అని అడిగింది. లేదమ్మా, పడుకో అన్నాను.

మళ్ళీ రోడ్డెక్కి రెండు మలుపులు తిరిగేసరికి ఆ కారును అందుకున్నాను. నా వెనుక 75లో వచ్చినవారు, ముందు దీపాలేవీ లేని ఆ చీకట్లో 50లో వెళ్తున్నారు. ప్రతి మలుపు దగ్గరా బ్రేకు దీపాలు వెలుగుతున్నాయి. నేను ఒక రాయి గుర్తు చూసుకుని లెక్కపెట్టాను. మూడు సెకన్లు వచ్చింది. ఊరు వచ్చేదాకా అంతే ఎడంలో వారి వెనుక నడిపాను.